పర్లాకిమిడిలో పొట్టి వడ్రంగి కోసం

మొన్న దసరాకు పర్లాకిమిడిలో పిన్ని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, గండాహాతి జలపాతం దగ్గర ఒక చిన్న వడ్రంగి పిట్టను చూశాను. ముదురు రంగు వీపు, దాని మీద అడ్డంగా తెల్ల గీతలు. ఆకుల మధ్య నాలుగైదు సెకన్లు కనిపించి మాయమైంది. డైరీలో దర్జాగా ‘మహ్రాటా వడ్రంగి, ఒకటి’ అని రాసేశాను.

విజయనగరం తిరిగొచ్చాక పుస్తకం తీస్తే కొలత దగ్గర పేచీ వచ్చింది. పసుపు నుదురు ఉండే మహ్రాటా వడ్రంగి 17, 18 సెంటీమీటర్లు ఉంటుంది. నేను చూసింది పిచ్చుక కన్నా చిన్నది. ఆ కొలతకు సరిపోయేవి రెండే. ఒకటి 13 సెంటీమీటర్ల బ్రౌన్ క్యాప్డ్ పిగ్మీ వుడ్‌పెకర్, అంటే గోధుమరంగు టోపీ పెట్టుకున్న పొట్టి వడ్రంగి. రెండోది 10 సెంటీమీటర్ల పికులెట్, అదీ వడ్రంగి పిట్టల కుటుంబంలోదే. అసలు నేను చూసింది ఏది? మనవాళ్ళకు వడ్రంగి పిట్ట అంటే ఎర్ర జుట్టు, బంగారు వీపుతో కొబ్బరిచెట్ల మధ్య కిర్రుమంటూ ఎగిరేదే. అది దీనికి రెట్టింపు ఉంటుంది. పొట్టిదాని సంగతి అడిగితే ‘పిల్ల అయ్యుంటుందిలే’ అంటారు.

ఫిబ్రవరిలో ఆకులు రాలతాయి, గూళ్ళ కాలం మొదలవుతుంది. నాలుగు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

ఫిబ్రవరి 22, శనివారం, పర్లాకిమిడి

పాతపట్నం దాటిన నాలుగైదు కిలోమీటర్లకే బోర్డులు ఒడియాలోకి మారిపోతాయి, మాటలు మాత్రం మారవు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండుగా చీల్చారు. ఊరు అటు వెళ్ళింది, చుట్టుపక్కల చాలా పల్లెలు ఇటు మిగిలాయి. బజారులో మర్యాద ఏమిటంటే, మీరు ఏ భాషలో మొదలుపెడితే కొట్టువాడు అందులోనే జవాబిస్తాడు. నేను ముచ్చటపడి ‘కేతే?’ అని ఒడియాలో ధర అడిగాను. ఆయన గడగడా ఒడియాలో ఏదో చెప్పుకుపోయాడు. ఒక్క ముక్క అర్థం కాక నిలబడితే నవ్వి, ‘ముప్పై ఇవ్వండి బాబూ’ అన్నాడు.

ఈ ఊరు కొమ్ము పనికి పేరు. గేదె కొమ్మును వేడి చేసి, వంచి, కొంగలూ నెమళ్ళూ చేస్తారు. ఒక కొట్లో పెద్దాయనను వడ్రంగి పిట్ట ఉందా అని అడిగాను. కాసేపు ఆలోచించి ఒక కొంగను నా చేతిలో పెట్టి, ‘ముక్కు పొడుగ్గానే ఉంది కదా, అదే అనుకోండి’ అన్నాడు. 250 రూపాయలు. కొన్నాను. ఇప్పుడది మా టీవీ పక్కన వడ్రంగి పిట్టగానే చలామణి అవుతోంది.

ఒడియాలో వడ్రంగి పిట్టను కాఠహణా అంటారని చెప్పింది కూడా ఆయనే. కొయ్యను కొట్టేది అని అర్థం. మనమూ మరాఠీవాళ్ళూ (వాళ్ళు సుతార్ అంటారు) దానికి వడ్రంగి వృత్తి ఇచ్చాం, ఒడియావాళ్ళు కూలిపనితో సరిపెట్టారు.

సాయంత్రం పిన్ని పనసపొట్టు ఆవపెట్టి వండింది. తింటుండగా పెరటిలోంచి టుక్, టుక్, టుక్ అని ఆగకుండా చప్పుడు. తమ్ముడు (పిన్ని కొడుకు) ఎంగిలి చేత్తోనే పరుగెత్తి, ‘అన్నయ్యా, నీ పిట్ట! కొడతాంది!’ అని కేక పెట్టాడు. అది కంసాలి పిట్ట. కొట్టడం లేదు, దాని గొంతే అంత. రాగిబిందె మీద సుత్తి దెబ్బలా ఉంటుంది. వడ్రంగి పిట్టకు దూరపు చుట్టమే, ఎండుకొమ్మను తొలిచి గూడూ పెడుతుంది కానీ, ఆ చప్పుడు మాత్రం కర్రది కాదు. తమ్ముడు నిరాశగా వచ్చి మళ్ళీ పీట మీద కూర్చున్నాడు. వాడిని నవ్వే హక్కు నాకు లేదు, నా డైరీ నాకు గుర్తుంది.

ఫిబ్రవరి 23, ఆదివారం, తప్పు రాయగడ

గండాహాతి జలపాతం రాయగడ బ్లాకులో ఉంది. తమ్ముడికి ఆదివారం కూడా డ్యూటీ పడింది, వాడి బండి తీసుకుని నేనొక్కణ్ణే బయల్దేరాను. దసరాకు వెళ్ళింది వాళ్ళ కారులో, వెనక సీట్లో నిద్రపోతూ. దారి చూసిందెక్కడ? బంకులో 500కు పెట్రోలు పోయించుకుని, ‘రాయగడ ఎటు?’ అని అడిగాను. కుర్రాడు పడమటికి చెయ్యి చూపించాడు.

వాడి తప్పేం లేదు. గజపతి జిల్లాలో ఒక రాయగడ ఉంది, అది బ్లాకు. గునుపురం దాటి వెళితే ఇంకో రాయగడ, అదొక జిల్లా. రాయగడ అన్నవాడికి ఎవరైనా జిల్లానే చూపిస్తారు. ముప్పావుగంట పోయాక ఎదురుగా పెద్ద నది. మహేంద్రగిరి వైపు వెళ్ళాల్సినవాడికి వంశధార ఎందుకు తగులుతుంది? ఊరి పేరు అడిగితే కాశీనగర్ అన్నారు.

ఇంత దూరం వచ్చాక కోపం ఎవరి మీద చూపించాలి? బడ్డీ ముందు కూర్చుని బరా, ఘుగుని తిన్నాను. బరా మన గారెకు చుట్టం, ఘుగుని బఠానీల కూర. ఆకు దొన్నెలో వేసి పైన ఉల్లిపాయలు చల్లి ఇచ్చింది. ప్లేటు 30. వడ్డించే ఆవిడ నా మెడలో బైనాక్యులర్స్ చూసి, ‘సర్వే బాబులా? రోడ్డు పెద్దది చేత్తారా?’ అని అడిగింది. పిట్టల కోసం అన్నాను. నమ్మలేదు. ఇంకో బరా వేసి, రోడ్డు పెద్దదయితే తన బడ్డీ పోతుందా అని మళ్ళీ మెల్లగా అడిగింది. పోదమ్మా అని చెప్పడానికి నేనెవర్ని? నిజంగా పిట్టల కోసమే అని ఒట్టు పెట్టాల్సి వచ్చింది.

ఏటి గట్టున తుమ్మచెట్లున్నాయి. తిరిగి బండి ఎక్కబోతూ అలవాటుగా ఒకసారి కళ్ళు తిప్పాను. బొటనవేలి కన్నా లావైన కొమ్మ మీద, తోక ఆనించి నిటారుగా అసలు మహ్రాటా వడ్రంగి! నుదురంతా పసుపు, అది వెనక్కి పోయేకొద్దీ ఎరుపు. అంటే మగది. ఆడదానికి ఆ ఎరుపు ఉండదు. రొమ్ము మీద గోధుమరంగు చారలు, పొట్ట కింద కుంకుమ అద్దినట్టు చిన్న మచ్చ. పావుగంటసేపు ఒకే చెట్టు. తాపీగా, మేస్త్రీలా, మాను మీదా లావు కొమ్మల మీదా తప్ప ఎక్కడా వాలలేదు. ఆ పావుగంటలో ఒక్కసారి కూడా అరవలేదు.

దసరానాడు నేను చూసింది కచ్చితంగా ఇది కాదు. పరిమాణం సరే, నడకే వేరు. ఆనాటిది సన్నటి రెమ్మల చివర గింగిరాలు కొట్టింది. బంకు కుర్రాడు సరైన దారి చూపించి ఉంటే, పోల్చుకోవడానికి నాకు ఇది దొరికేది కాదు. ఎండ మండుతోంది, గండాహాతి ఆశ వదులుకుని ఇంటికొచ్చి పడుకున్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం, గండాహాతి

తమ్ముడు సెలవు పెట్టాడు. తెల్లవారుజామున పిన్ని లేచి చోడి అంబలి కాచి సీసాలో పోసింది. ‘ఎండకి ఇదే మందు, కూల్‌డ్రింకులు తాగొద్దు’ అని ఇద్దరికీ చెప్పింది, నాకు యాభై దాటాయన్న సంగతి పట్టించుకోకుండా.

ఏడున్నరకల్లా అడవిలో ఉన్నాం. జలపాతంలో నీళ్ళు సన్నబడ్డాయి. దసరాకు హోరులో పక్కవాడి మాట వినపడలేదు, ఇప్పుడు ఆకు రాలినా వినబడుతోంది. మోదుగులు పూశాయి. ఇప్పచెట్లు సగం ఆకు రాల్చి నిలబడ్డాయి. మద్దిచెట్ల కింద నేలంతా ఎండాకు, అడుగు వేస్తే అప్పడాలు నలిగినట్టు చప్పుడు.

గంటన్నర ఏమీ లేదు. తమ్ముడు ఫోన్ చూసుకుంటూ, ‘అన్నయ్యా, రోజంతా తలతో కొట్టుకుంటుంది కదా, దానికి తలనొప్పి రాదా?’ అని అడిగాడు. వడ్రంగి పిట్ట పుర్రెలో షాక్ అబ్జార్బర్ ఉందని చాలాకాలం చెప్పేవారు. నేనూ పదిమందికి చెప్పాను. 2022లో వచ్చిన ఒక పరిశోధనలో హైస్పీడ్ వీడియోలు తీసి కొలిస్తే అదేం లేదని తేలింది. తల సుత్తిలా గట్టిగా ఉంటుంది. దెబ్బను మింగేసే ఏర్పాటే ఉంటే కొయ్యకు తగిలే దెబ్బ కూడా తగ్గిపోతుంది కదా. మెదడు చిన్నది, అందుకే ఆ అదురు దానికి ప్రమాదం కాదు. ఇదంతా చెబితే తమ్ముడు, ‘మా మేనేజరు కూడా అంతే’ అన్నాడు.

అప్పుడు వచ్చింది గుంపు. ఆకు రాల్చే అడవుల్లో చిన్న పిట్టలు ఇలాగే కలిసి తిరుగుతాయి. అప్పటిదాకా చెట్లు ఖాళీగా ఉంటాయి, ఉన్నట్టుండి జాతరలా నిండిపోతాయి. ముందు ఎర్రరొమ్ము మినివెట్లు, వెనక బూడిదరంగు టిట్లు, పసుపు అయోరాలు, వాటి వెనక ఒక పసుల పోలిగాడు, ఎవరు ఏ పురుగును లేపుతారా, తాను లాక్కుందామా అని. వాటి మధ్యలోంచి ఒక చప్పుడు. ‘క్లిక్-ర్‌ర్‌ర్‌ర్’.

‘సైకిల్ ఫ్రీవీల్ ఎనక్కి తిప్పినట్టుంది’ అన్నాడు తమ్ముడు. ఇరవై ఏళ్ళుగా పిట్టలు చూస్తున్న నాకు తట్టని పోలిక. సైకిల్ స్టాండు వేసి పెడల్ వెనక్కి తిప్పితే వచ్చే ఆ సన్నటి గిరగిర, అచ్చం అదే. ఆ చప్పుడును పట్టుకుని వెదికితే తునికిచెట్టు పైకొమ్మ చివర కనిపించింది.

పిచ్చుక కన్నా చిన్నది. తల మీద మట్టిరంగు టోపీ. కంటి వెనక నుంచి తెల్లటి పట్టీ, దాని కింద గోధుమరంగు పట్టీ. వీపు మీద తెల్ల గీతలు, కిందివైపు మాసిన తెలుపు మీద సన్నటి చారలు. కన్ను లేతరంగులో ఉంది, అందువల్ల ఎప్పుడూ ఉలిక్కిపడ్డట్టు చూస్తుంది. పెన్సిల్ కన్నా సన్నటి రెమ్మకు కింది నుంచి తలకిందులుగా వేలాడి ముక్కుతో చకచకా గిల్లుతోంది. ఇంత చిన్నదానికీ తోక గట్టిగానే ఉంది. నిలువు కొమ్మ మీదికి రాగానే దాన్ని ఊతకర్రలా ఆనించింది. అక్కడితో పికులెట్ కొట్టివేత. దాని తోక పొట్టిది, మెత్తనిది, ఆనుకోవడానికి పనికిరాదు. పైగా దాని వీపు పచ్చగా ఉంటుంది, పొట్ట మీద నల్ల చుక్కలుంటాయి.

ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. నట్‌హాచ్ అనే నీలం పిట్టలు మాను మీద తల కిందికి పెట్టి దిగగలవు. వడ్రంగి అలా దిగదు, కిందికి రావాలంటే తల పైకే ఉంచి వెనక్కి గెంతుతుంది. ఇది రెండుసార్లు అలా వెనక్కి గెంతింది. నేను లోపల్లోపల మార్కులు వేసుకుంటున్నాను.

ఇంతలో వెనకనుంచి ‘ఏటి సూత్తన్నావు బావూ?’ అన్న మాట. సవర పెద్దాయన. భుజాన కావడి, దానికి రెండు ఆనపకాయ బుర్రలు, వాటిలో జీలుగు కల్లు. బైనాక్యులర్స్ ఇస్తే తిరగేసి పెట్టుకుని చూసి, ‘దూరం అయిపోనాది’ అని తిరిగిచ్చేశాడు. పిట్టను మాత్రం వట్టి కంటితోనే పట్టేశాడు.

‘వడ్రంగి పిట్ట పిల్ల కాదా?’ అని తమ్ముడు అడిగాడు.

‘పిల్లేటి? అదంతే. పెద్దది మాను తొలుత్తాది. ఇది పుల్ల తొలుత్తాది’ అన్నాడాయన.

నేను రెండు రోజులు తిరిగి, పుస్తకం మోసి, తప్పు రాయగడ పోయి తెలుసుకున్నది ఇంతే. దాని శాస్త్రీయ నామంలో చివరి మాట ‘నానస్’ అంటే కూడా మరుగుజ్జు అనే. 1832లో విగోర్స్ అనే జంతుశాస్త్రవేత్త పెట్టిన పేరు. ఆయన పరిమాణం చూశాడు. ఈ పెద్దాయన పని చూశాడు.

సవర భాషలో దాన్నేమంటారని అడిగాను. చెప్పాడు. మళ్ళీ చెప్పమన్నాను, మళ్ళీ చెప్పాడు. గొంతులో ఎక్కడో ఆగి పలికే ఆ మాటను తెలుగు అక్షరాల్లో పెట్టబోయి మూడుసార్లు కొట్టేశాను. గిడుగు రామమూర్తిగారు ఇదే పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరలతో మాట్లాడి మాట్లాడి ఆ భాష నేర్చుకున్నారు, 1938లో నిఘంటువే తెచ్చారు. నాకు ఒక్క పిట్ట పేరు రాయడం చేత కాలేదు. పెద్దాయన నా అవస్థ చూసి, ‘వడ్రంగి అనే రాసుకో’ అని నా కాయితం వైపు జాలిగా చూశాడు.

వెళ్ళేముందు ఇంకొకటి చూపించాడు. బూరుగుచెట్టుకు ఎండిన కొమ్మ, దాని అడుగువైపు నా రెండు వేళ్ళు పట్టేంత కన్నం. వాన పడకుండా ఎప్పుడూ కిందివైపే పెడతాయట. దగ్గరికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. పావుగంట దూరంగా కూర్చున్నాం. పొట్టిది వచ్చింది, కన్నంలో తల పెట్టింది, సన్నటి కర్రపొట్టు గాలిలో రాలింది. కొడుతున్న చప్పుడు ఎంత మెల్లగా అంటే, గోటితో బల్ల మీద తట్టినట్టు. టైరు పేలినట్టు కొట్టే పెద్దవాటిని విన్న చెవికి ఇది ఆనదు. అది తొలుస్తుండగానే రెండోది వచ్చి పై రెమ్మ మీద వాలి ఫ్రీవీల్ తిప్పింది.

మగదానికి తల వెనక ఇరుపక్కలా చిన్న ఎర్ర గీత ఉంటుంది. ఆ రెండిట్లో ఏది మగదో ఎంత చూసినా తేలలేదు. ఆ ఎరుపు ఈకల కింద దాగి ఉంటుంది.

పెద్దాయన కల్లు పోస్తానన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు, నేను బండి వైపు చూశాను. అంబలి పంచుకుని తాగాం. ‘చోడ్లు మీవి బాగున్నాయి’ అని మెచ్చుకున్నాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. తమ్ముడి జేబులోని అగ్గిపెట్టె మాత్రం అడిగి తీసుకున్నాడు.

తిరుగుదారిలో ఒక ఇంట్లో నడిపే హోటల్లో పఖాళ భోజనం. చద్దన్నమే, కాకపోతే వీళ్ళు దాన్ని రాజభోగంలా వడ్డిస్తారు. నీళ్ళన్నం, వేయించిన ఆకుకూర, నలిపిన వడియాలు, పచ్చిమిరపకాయ, వేయించిన చిన్న చేపలు. ఇద్దరికీ 140. చేపల్లేకుండా అయితే 100.

ఫిబ్రవరి 25, మంగళవారం, కోయిన్‌పూర్ దారి

రేపే శివరాత్రి. ఒడియావాళ్ళు జాగర అంటారు. 1,501 మీటర్ల మహేంద్రగిరి మీద కుంతి, భీముడు, ధర్మరాజు పేర్లతో రాతి గుళ్ళున్నాయి, పరశురాముడు తపస్సు చేసిన కొండ అని నమ్మకం. మందస వైపు నుంచి మన జనం కాలినడకనే ఎక్కుతారు. ఒక రోజు ముందు వెళితే రద్దీ ఉండదని నా లెక్క. కోయిన్‌పూర్ చేరేసరికే ఆ లెక్క తప్పింది. జీపులు, వెదురు పందిళ్ళు, కొబ్బరికాయల కుప్పలు, ఒకదాని మీద ఒకటి అరుస్తున్న నాలుగు మైకులు. టీ పది రూపాయలది పదిహేను చేశారు. అడిగితే ‘రేపు ఇరవై’ అన్నాడు.

పైకి వెళ్ళలేదు. ఊరు దాటి, మైకు వినపడనంత దూరం పోయి వెదురుపొదల దగ్గర బండి ఆపాం. అక్కడొక బుల్లిది కనిపించింది. నిన్నటిదానికన్నా చిన్నది, గుండ్రటిది, ఎండు వెదురును టకటకా కొట్టింది. పచ్చగా ఉందా, నీడ వల్ల అలా అనిపించిందా? తోక ఆనించిందా, లేదా? రెండు సెకన్లు. పికులెట్ తూర్పు కనుమల్లో ఉంటుంది, వెదురంటే దానికి ఇష్టం కూడా. తమ్ముడు ‘అదే అయ్యుంటుంది, రాసేయ్’ అన్నాడు.

మధ్యాహ్నం తిరిగొస్తూ జీడితోట పక్కన టీకి ఆగాం. గ్లాసు ఒక చేతిలో, బన్ను ఇంకో చేతిలో. నెత్తి మీద మామిడికొమ్మలో ఫ్రీవీల్ తిరిగింది. తలెత్తితే పొట్టిది, నిచ్చెన వేస్తే అందేంత దగ్గర. అప్పుడే గాలి వీచి దాని తల వెనక ఈకలు లేచాయి. ఎర్రగా, అగ్గిపుల్ల తలంత గీత. గాలి ఆగింది, గీత పోయింది. కెమెరా బండి బ్యాగులో ఉంది. టీ చొక్కా మీద పడింది.

రాత్రి పిన్ని ఇంట్లో డైరీ తీసి దసరా పేజీలో ‘మహ్రాటా’ కొట్టేసి ‘పొట్టి వడ్రంగి’ అని రాశాను. ఈ రోజు తేదీ కింద ‘పొట్టి వడ్రంగి, మగది, ఒకటి’. దాని కింద వెదురుపొదల్లో చూసినదానికి ఒక గీత, ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను. తమ్ముడు భుజం మీదుగా తొంగిచూసి ‘రాసేయ్ అన్నాను కదా’ అని విసుక్కున్నాడు. పిన్ని సంచిలో పనసకాయ కుక్కుతూ, బస్సులో దాన్ని కాళ్ళ దగ్గర పెట్టుకోవాలి, పైన పెడితే ఎవరి నెత్తినైనా పడుతుంది అని మూడోసారి చెబుతోంది.